'మనవాళ్ళు కొన్నారు' అని మురిసిపోతే సరిపోతుందా?

వీడియో గేముల లోకంలో కొద్ది కాలంగా ఒక కొనుగోలు వ్యవహారం మీద పెద్ద దుమారం రేగింది. అమెరికాలో 1982లో స్థాపితమైన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదిరినట్లు 2025 సెప్టెంబరు 29న ప్రకటన వెలువడింది. కొనుగోలుదారులు ముగ్గురు. సౌదీ అరేబియా ప్రభుత్వానికి చెందిన పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ మొదటిది. సిల్వర్ లేక్ అనే అమెరికా పెట్టుబడి సంస్థ రెండవది. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అల్లుడు జారెడ్ కుష్నర్ నడిపే అఫినిటీ పార్ట్‌నర్స్ మూడవది. పేరుకు ముగ్గురే అయినా, బ్రెజిల్ పోటీ నియంత్రణ సంస్థకు సమర్పించిన పత్రాల ప్రకారం యాజమాన్యంలో 93 శాతానికి పైగా వాటా సౌదీ ఫండ్‌దే. 2025 డిసెంబరులో కంపెనీ వాటాదారులు దీనికి ఆమోదముద్ర వేశారు. 2026 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో లావాదేవీ పూర్తి చేస్తామని ఒప్పందం ప్రకటించిన నాడే చెప్పారు.

ఈ మొత్తం ఎంతో మన లెక్కలో చెప్పుకుంటే తేలికగా అర్థమవుతుంది. ప్రకటన వచ్చిన నాటి మారకం విలువ ప్రకారం ఇది 4 లక్షల 80 వేల కోట్ల రూపాయలకు పైమాటే. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025-26 సంవత్సరానికి పెట్టిన మొత్తం బడ్జెట్ 3 లక్షల 22 వేల కోట్లు. అంటే మన రాష్ట్రం ఏడాది పొడవునా జీతాలకు, పింఛన్లకు, కాలువలకు, ఆసుపత్రులకు, బడులకు పెట్టే ఖర్చుకు ఒకటిన్నర రెట్ల సొమ్ముతో ఆటలు తయారు చేసే ఒక కంపెనీ చేతులు మారుతోందన్నమాట.

శుక్రవారం పేజీలో వీడియో గేముల ప్రస్తావన ఎందుకని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. ఈ వార్త మన కుర్రాళ్ళకు చేరింది. చేరిన తీరు మమ్మల్ని ఆలోచింపజేసింది.

ఆటలు మన ఊళ్ళకు కొత్త కాదు

కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతం మెట్ట ప్రాంతం. పెన్నా పక్కన ఉన్నా, సోమశిల, కండలేరు జలాశయాలు దగ్గరలోనే ఉన్నా, బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దారి పట్టిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. కువైట్‌లో డ్రైవరుగానో, సౌదీలో మేస్త్రీగానో పనిచేసే తండ్రి సెలవుకు వచ్చినప్పుడు కొడుక్కి మంచి ఫోను తెస్తాడు. ఆ ఫోనులో ఆట ఉంటుంది. అంతకుముందు తరం ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత అని చెల్లించి ఆడేది. 2006 చివరలో ఈ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీయే విడుదల చేసిన క్రికెట్ 07 ఆట ఆడని కుర్రాడు ఆ రోజుల్లో అరుదు. ఆ తర్వాత ఆ కంపెనీ కంప్యూటరు కోసం మరో క్రికెట్ ఆట తేకపోయినా, ఆ పాత ఆటకే కొత్త జట్లు, కొత్త జెర్సీలు చేర్చుకుని మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఆడుకున్నారు. నీడ్ ఫర్ స్పీడ్ కారు పందాలు, పూర్వం ఫిఫా పేరుతో వచ్చి 2023 నుంచి ఎఫ్‌సీ పేరుతో వస్తున్న ఫుట్‌బాల్ ఆట కూడా ఆ కంపెనీవే. హైదరాబాదులో ఆ కంపెనీకి కార్యాలయం ఉంది. తెలుగు పిల్లలు అక్కడ పనిచేస్తున్నారు. కాబట్టి ఇది ఎక్కడో సముద్రాల అవతలి వ్యవహారం కాదు.

మన కుర్రాళ్ళలో ఈ వార్తకు రెండు రకాల స్పందన కనిపిస్తోంది. ఒకటి గర్వం. "హజరత్, అంత పెద్ద అమెరికా కంపెనీని మనవాళ్ళు కొనేశారంట! ఇంక ఆటల్లో మనల్ని టెర్రరిస్టులుగా చూపించే దమ్ము ఎవడికీ ఉండదు" అనే ధోరణి. రెండవది కోపం. "ఎవడు కొన్నా నోరెత్తని తెల్లవాళ్ళు ముస్లిములు కొనేసరికి గగ్గోలు పెడుతున్నారు" అనే ధోరణి. ఈ రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ రెండూ మనల్ని అసలు ప్రశ్నల దగ్గరికి పోనివ్వడం లేదు.

ఆటగాళ్ళ అభ్యంతరాలు ఏమిటి?

ముందుగా ఎదుటివారు ఏమంటున్నారో సరిగా వినాలి. వినకుండా జవాబు చెప్పడం పండిత లక్షణం కాదు. మదర్సాల్లో ఫిఖ్హ్ పాఠం చెప్పేటప్పుడు ఇతర ఇమాముల వాదాన్ని వారి ప్రమాణాలతో సహా చెప్పిన తర్వాతే మా ఇమాము వాదం చెబుతాము. ఆ పద్ధతి ఇక్కడా అవసరమే.

వివిధ దేశాల ఆటగాళ్ళు వెలిబుచ్చిన ఆందోళనలు స్థూలంగా నాలుగు. మొదటిది, సౌదీ ప్రభుత్వం తన మానవహక్కుల చరిత్ర మీద పడ్డ మచ్చలను ఆటల సంతోషంతో కడిగేసుకోవాలని చూస్తోందని. ఇదే ఫండ్ 2021లో ఇంగ్లండులోని న్యూకాజిల్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నప్పుడు, తర్వాత గోల్ఫ్ పోటీల్లోకి దిగినప్పుడు కూడా ఈ మాటే వచ్చింది. రెండవది, కొనుగోలు కోసం తెచ్చే భారీ అప్పు కంపెనీ నెత్తిన పడుతుందని. మూడవది, ఆ అప్పు తీర్చడానికి ఉద్యోగాలు కోస్తారని, ఆటగాళ్ళ జేబుల నుంచి మరింత పిండుతారని. నాలుగవది, కొత్త యజమాని తనకు నచ్చని అంశాలను ఆటల నుంచి తొలగిస్తాడని.

నాలుగవ భయం ది సిమ్స్ అనే ఆట ఆడేవారిలో ఎక్కువగా కనిపించింది. ఇల్లు కట్టుకుని, మనుషులను తయారు చేసుకుని, కుటుంబాలను నడిపే ఆట అది. దాని మీద వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న కొందరు 2025 అక్టోబరులో కంపెనీతో తమ భాగస్వామ్యం వదులుకున్నారు. తమ విలువలు మారవని ఆ ఆట తయారీదారులు ప్రకటన చేయవలసి వచ్చింది. ఆ ఆటలో చూపే కుటుంబ జీవితంలో కొన్ని రీతులు మన ధర్మానికి సమ్మతం కావు. ఆ సంగతి దాచవలసిన పనిలేదు. కానీ డబ్బున్నవాడు వచ్చి మేము ఏం ఆడాలో, ఏం మాట్లాడాలో శాసిస్తాడేమోనన్న భయం మాత్రం మనకు అర్థం కానిది కాదు. ఈ దేశంలో అల్పసంఖ్యాకులుగా బ్రతుకుతున్న మనకు ఆ భయం రుచి బాగా తెలుసు.

ఆటగాళ్ళే కాదు, అమెరికాలో వీడియో గేముల ఉద్యోగుల సంఘం కూడా ఈ కొనుగోలును క్షుణ్ణంగా పరిశీలించాలని ప్రభుత్వ నియంత్రణాధికారులను కోరింది. ఎలిజబెత్ వారెన్, రిచర్డ్ బ్లూమెంథాల్ అనే ఇద్దరు సెనేటర్లు విదేశీ ప్రభావం గురించి ప్రశ్నిస్తూ లేఖలు రాశారు.

ఇందులో ద్వేషమెంత, న్యాయమెంత?

ఈ నిరసనలో ముస్లిం ద్వేషం అసలే లేదని మేము అనము. అరబ్బు అనే మాట వినగానే ముఖం చిట్లించేవారు ఆ దేశాల్లో కొందరు ఉన్నారు. ఇదే ఒప్పందంలో భాగస్వాములైన సిల్వర్ లేక్ గురించి, అధ్యక్షుని అల్లుడి సంస్థ గురించి మాట్లాడింది తక్కువ, అరబ్బుల గురించి మాట్లాడింది ఎక్కువ. పాశ్చాత్య దేశాల ఆటల్లో ఏళ్ళ తరబడి అరబ్బు వీధులు తుపాకీ గురి చూసుకునే మైదానాలుగానే కనిపించాయి. అప్పుడు ఇంత కలత చెందినవారు కొద్దిమందే.

అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ దౌత్య కార్యాలయంలోకి వెళ్ళిన జమాల్ ఖషోగీ అనే పత్రికా రచయిత మళ్ళీ బయటకు రాలేదు. ఆయనను అక్కడే చంపారని సౌదీ ప్రభుత్వమే చివరకు ఒప్పుకుంది. ఆ చర్యకు యువరాజు ముహమ్మద్ బిన్ సల్మాన్ ఆమోదం ఉందని 2021లో అమెరికా నిఘా వర్గాల నివేదిక అభిప్రాయపడింది. తాను ఆదేశించలేదని ఆయన చెప్పారు. ఆ యువరాజే ఈ ఫండ్‌కు అధ్యక్షుడు. చనిపోయినవాడు కూడా ముస్లిమే కదా! ఆయన భార్య కాబోతున్న స్త్రీ ఆ కార్యాలయం తలుపు బయట గంటల తరబడి ఎదురుచూసింది. ఆమె కూడా ముస్లిమే. ఆ హత్య గురించి ఇంగ్లీషు మాట్లాడే ఆటగాడు అడిగితే అది ఇస్లాం మీద దాడి ఎలా అవుతుంది? ఆ ప్రశ్న మొదట అడగవలసింది మనమే.

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. 2025 ఏప్రిల్‌లో గాజా విషయమై మైక్రోసాఫ్ట్ కంపెనీని బహిష్కరించమని పాలస్తీనా సంఘీభావ ఉద్యమం పిలుపునిచ్చినప్పుడు, ఆ కంపెనీ ఆటలు ఆడడం మానేసిన వారిలో ముస్లిమేతరులు ఎందరో ఉన్నారు. పాలస్తీనీయుల ఫోను సంభాషణలను నిల్వ చేయడానికి ఇజ్రాయెల్ సైనిక నిఘా విభాగం ఆ కంపెనీ సేవలు వాడుకుంటోందని ఆగస్టులో పత్రికలు బయటపెట్టాయి. ఆ కంపెనీ ఉద్యోగులే నిరసనకు దిగి కొలువులు పోగొట్టుకున్నారు. చివరకు సెప్టెంబరులో ఆ విభాగానికి కొన్ని సేవలను కంపెనీ నిలిపివేసింది. అప్పుడు 'శభాష్, న్యాయం కోసం నిలబడ్డారు' అన్నాము. ఇప్పుడు అదే తరహా మనుషులు సౌదీ ఫండ్‌ను ప్రశ్నిస్తే 'ఇస్లాం శత్రువులు' అంటున్నాము. తక్కెడ ఒకటే ఉండాలి కదా!

తనవాడైనా, తల్లిదండ్రులైనా, చివరకు తానే అయినా సరే, సాక్ష్యం న్యాయంగానే చెప్పాలన్నది ఖుర్‌ఆన్ మనకు నేర్పిన పాఠం. ఒక జాతి మీద కోపం న్యాయం తప్పడానికి కారణం కారాదన్నది కూడా ఖుర్‌ఆన్ పాఠమే. తనవాళ్ళు అన్యాయం చేస్తున్నా తనవాళ్ళు కనుక వెనకేసుకురావడాన్ని అసబియ్యత్ అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దానిని అజ్ఞాన కాలపు అవలక్షణంగా గర్హించారు. మనవాడిని ప్రేమించడం అసబియ్యత్ కాదు. అతని తప్పును ఒప్పు అనడమే అసబియ్యత్.

మనం అడగవలసిన మూడు ప్రశ్నలు

ఆటగాళ్ళ ప్రశ్నలను అలా ఉంచుదాం. ఈ కొనుగోలును 'ముస్లిం విజయం' అని చెప్పుకునేవారు ఇస్లాం కొలబద్దతోనే కొలిచి చూడాలి. అప్పుడు మూడు ప్రశ్నలు ఎదురవుతాయి.

మొదటి ప్రశ్న వడ్డీ గురించి. ఈ 5,500 కోట్ల డాలర్లలో 2,000 కోట్లు జేపీ మోర్గాన్ బ్యాంకు సమకూర్చే అప్పు. ఇలాంటి కొనుగోళ్ళలో ఒక వింత ఉంటుంది. కొన్నవాడు చేసిన అప్పును కొనబడిన కంపెనీయే తీర్చాలి. సంతలో ఎద్దును అప్పు తెచ్చి కొని, అప్పు పత్రం ఎద్దు మెడలోనే కట్టి, 'నువ్వే దున్ని తీర్చుకో' అన్నట్లు ఉంటుంది ఈ ఏర్పాటు. ఎద్దుకు బలముంటే సరే. వాన ముఖం చాటేస్తే ఎద్దు గతి ఏమిటి?

ఇది ఊహ కాదు. పిల్లల ఆటబొమ్మలు అమ్మే టాయ్స్ ఆర్ అస్ అనే ప్రసిద్ధ అమెరికా సంస్థను 2005లో ఇదే పద్ధతిలో 660 కోట్ల డాలర్లకు కొన్నారు. ఆ అప్పు భారంతో కుంగి 2017లో దివాలా పిటిషను వేసింది. 2018లో అమెరికాలోని దుకాణాలన్నీ మూతపడి 30 వేల మందికి పైగా ఉపాధి కోల్పోయారు. టీఎక్స్‌యూ అనే విద్యుత్ కంపెనీని 2007లో సుమారు 4,500 కోట్ల డాలర్లకు ఇలాగే కొన్నారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒప్పందం వచ్చేదాకా ఈ తరహా కొనుగోళ్ళలో అదే అతి పెద్దది. 2014లో అది కూడా దివాలా తీసింది.

వడ్డీ నిషిద్ధమని అలిఫ్-బే తో పాటే మన పిల్లలకు నేర్పుతాము. పొరుగువాడు పది రూపాయల వడ్డీకి అప్పు తెస్తే మసీదు మెట్ల మీదే నిలదీస్తాము. మరి హరమైన్ షరీఫైన్ ఉన్న దేశపు ప్రభుత్వ నిధి, చేతిలో అంత ధనం పెట్టుకుని, 2,000 కోట్ల డాలర్ల వడ్డీ అప్పు కలిసిన కొనుగోలు చేస్తే చప్పట్లు కొడతామా? పేదవాడు చేస్తే పాపం, రాజు చేస్తే పెట్టుబడి అనే సూత్రం మన షరీఅత్‌లో ఎక్కడా లేదు. అప్పు చేసి పప్పు కూడు వద్దన్న తెలుగు సామెత కూడా గొప్పవాడికి మినహాయింపు ఇవ్వలేదు.

రెండవ ప్రశ్న జూదం గురించి. ఇది అన్నింటికన్నా మన ఇళ్ళకు దగ్గరి విషయం. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆదాయంలో పెద్ద భాగం ఆట అమ్మకం వల్ల రాదు, ఆట లోపల జరిగే కొనుగోళ్ళ వల్ల వస్తుంది. ఫుట్‌బాల్ ఆటలో ఆటగాళ్ళ కార్డుల పొట్లాలు అమ్ముతారు. డబ్బు ముందే చెల్లించాలి. పొట్లంలో ఎవరున్నారో విప్పేదాకా తెలియదు. మెస్సీ రావచ్చు, ఎవరూ ఎరగని ఆటగాడు రావచ్చు. అతి అరుదైన కార్డు వచ్చే అవకాశం ఒక శాతం కన్నా తక్కువ అని కంపెనీయే రాసి పెడుతుంది. ఈ పొట్లాలు ఉన్న అల్టిమేట్ టీమ్ అనే విభాగం ద్వారానే 2021 మార్చితో ముగిసిన సంవత్సరంలో కంపెనీకి 160 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది.

దీనిని ఏమంటారు? ఫిఖ్హ్ చదివిన ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. నీటిలో ఉన్న చేపను, గాలిలో ఎగిరే పిట్టను పట్టక ముందే అమ్మడం చెల్లదని మన ఫుఖహా వెయ్యేళ్ళ కిందటే రాశారు. కండలేరు జలాశయంలో ఇంకా వలకు చిక్కని చేపకు ధర కట్టి, 'చిక్కితే బొచ్చె, లేకపోతే పరిగె, నీ అదృష్టం' అని డబ్బు తీసుకుంటే ఒప్పుకుంటామా? తెలియని దానిని అమ్మడం గరర్. దానికి అదృష్టం పందెం తోడైతే ఖిమార్. ఖుర్‌ఆన్ మద్యంతో పాటు కలిపి నిషేధించిన మైసిర్ పోలిక ఇందులో స్పష్టంగా ఉంది. కార్డు బొమ్మే కదా, డబ్బు తిరిగి రాదు కదా అని కొందరు వాదిస్తారు. డబ్బు తిరిగి వచ్చే జూదంలో గెలిచేవాడైనా ఒకడుంటాడు. ఇక్కడ గెలుపు కంపెనీకే రాసిపెట్టి ఉంది.

ఇది మౌల్వీల మాట మాత్రమే అనుకోవద్దు. 2018లో బెల్జియం అధికారులు ఇలాంటి పొట్లాలు తమ జూద చట్టం కిందికి వస్తాయని తేల్చారు. 2019 జనవరి చివరలో ఈ కంపెనీ ఆ దేశంలో వాటి కోసం వాడే పాయింట్ల అమ్మకం ఆపవలసి వచ్చింది. నెదర్లాండ్స్‌లో కోటి యూరోల జరిమానా విధించారు. 2022లో అక్కడి ఉన్నత న్యాయమండలి ఆ జరిమానాను కొట్టివేసింది. చట్టం ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా పలుకుతోంది. ఆటగాళ్ళ మాట మాత్రం ఒకటే. 2017 నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆటలో ఇలాంటి పెట్టెలు పెట్టినప్పుడు వారి ఆగ్రహానికి తట్టుకోలేక, విడుదలకు ఒక్క రోజు ముందు కంపెనీ ఆ కొనుగోళ్ళను తాత్కాలికంగా నిలిపివేసింది. ఖిమార్ అనే మాట కూడా వినని కుర్రాళ్ళు ఖిమార్‌కు ఎదురు తిరిగారు! ఈ విషయంలో మన సోదరులు ఎవరు? పొట్లాలు అమ్మే కంపెనీని కొన్నవారా, పొట్లాలు వద్దన్నవారా?

మన దేశంలోనూ ఈ జాడ్యం తెలియనిది కాదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ముస్లిములు పాలించని దేశం జూదపు ఆటలకు తలుపు మూస్తుంటే, ముస్లిములు పాలించే దేశపు నిధి అదృష్టపు పొట్లాల దుకాణాన్ని కొనడం చరిత్రలో విచిత్రమైన ఘట్టం.

మూడవ ప్రశ్న పనివారి గురించి. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2024లోనే సుమారు 670 మందిని తొలగించింది. 2025లో మరికొన్ని వందల మందిని పంపించింది. కృత్రిమ మేధ సహాయంతో ఖర్చు తగ్గించుకుని అప్పు తీర్చవచ్చని కొనుగోలుదారులు లెక్కలు వేస్తున్నట్లు పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఆ 'ఖర్చు' అనే మాట వెనుక మనుషులు ఉంటారు. హైదరాబాదు కార్యాలయంలో పనిచేసే పిల్లలకూ ఇళ్ళ అప్పులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉంటాయి.

ఆ ధనం ఎవరిది?

'మన డబ్బు' అని మురిసే తమ్ముళ్ళను ఒకటి అడగాలనిపిస్తుంది. ఆ డబ్బులో మన ప్రాంతపు చెమట కూడా ఉంది. ఎర్రటి ఎండలో సెంట్రింగు కట్టినవాడు, ఇసుక తుఫానులో లారీ నడిపినవాడు, ఇళ్ళలో పనిచేసిన మన అక్కాచెల్లెళ్ళు ఆ దేశాల్లో భవనాలనూ బ్రతుకులనూ నిలబెట్టారు. 2016లో సౌదీ ఓజర్ అనే పెద్ద నిర్మాణ కంపెనీ వేలాది మంది భారతీయ కార్మికులకు నెలల తరబడి జీతాలు ఇవ్వకపోతే, జెద్దాలోని శిబిరాల్లో వారికి మన దౌత్య కార్యాలయమే తిండి పెట్టవలసి వచ్చింది. 2017లో ఆ కంపెనీ మూతపడింది. కూలీకి అతని కూలి ఆలస్యం లేకుండా ఇవ్వాలన్నది ప్రవక్త (స) నొక్కి చెప్పిన ఉపదేశాల్లో ఒకటి. కూలీ జీతం బాకీ ఉన్న చోట కంపెనీల కొనుగోళ్ళు ఉమ్మత్ విజయాలు కావు.

ప్రభుత్వ ఖజానాలోని ధనం పాలకుని సొంత సొత్తు కాదు, అమానత్. హజ్రత్ ఉమర్ (రజి) బైతుల్ మాల్ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండేవారో మన పిల్లలకు కథలుగా చెబుతాము. ఆ కథలు నిద్రపుచ్చడానికి కావు, నేటి పాలకులను కొలవడానికి. చమురు శాశ్వతం కాదు కనుక సౌదీ ప్రభుత్వం ఇతర రంగాల్లో ఆదాయం వెతుక్కోవడంలో తప్పులేదు. ఆటల రంగంలోకి రావడం కూడా దానంతట అది తప్పు కాదు. 2023లో స్కోప్లీ అనే కంపెనీని 490 కోట్ల డాలర్లకు, 2025లో పోకెమాన్ గో ఆట తయారు చేసిన నయాంటిక్ వారి ఆటల విభాగాన్ని 350 కోట్ల డాలర్లకు ఆ దేశపు సంస్థలే కొన్నాయి. ప్రశ్న కొనడం గురించి కాదు. కొన్న తర్వాత ఏం చేస్తారన్నదే ప్రశ్న. పొట్లాల జూదాన్ని తీసేస్తారా? పనివారిని కాపాడతారా? పిల్లల సమయాన్ని దోచుకునే ఎత్తుగడలు మానుకుంటారా? ఇవి చేసిన రోజున 'మనవాళ్ళు' అని మేమే ముందుగా అంటాము.

గౌరవం కొంటే వచ్చేది కాదు

ఆటల్లో మనల్ని అవమానించకుండా ఉండాలంటే మనమే కంపెనీలు కొనాలి కదా అనే వాదానికి కూడా జవాబు చెప్పాలి. 2021 నవంబరులో కాల్ ఆఫ్ డ్యూటీ: వాన్‌గార్డ్ అనే ఆటలో ఖుర్‌ఆన్ పుటలు నేల మీద పడి ఉన్నట్లు చూపించారు. లోకంలోని ముస్లిం ఆటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. తయారు చేసిన యాక్టివిజన్ కంపెనీ ఆ దృశ్యాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది. అందుకు ఒక్క డాలరు పెట్టుబడి కావలసి రాలేదు. మర్యాదగా, గట్టిగా, అందరూ కలిసి చెప్పిన మాట చాలింది. ముస్లిమేతర ఆటగాళ్ళు కూడా ఆ మాటలోని న్యాయాన్ని గుర్తించారు. మనం వారి న్యాయమైన మాటను గుర్తించినప్పుడే రేపు వారు మన మాటను గుర్తిస్తారు.

చేయవలసిందేమిటి?

ఇస్లాం వినోదానికి శత్రువు కాదు. పరుగు పందెం, గుర్రపు స్వారీ, విలువిద్య, కుస్తీ ప్రవక్త (స) కాలంలో ఉన్నవే. పండుగనాడు హబషీ సోదరులు మస్జిదె నబవీ ప్రాంగణంలో బల్లేలతో విన్యాసాలు చేస్తే ఆయన వారించలేదు. చదరంగం విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. అయితే నమాజు వేళ మరిపించే ఆట, పందెం కలిసిన ఆట, అశ్లీలం నేర్పే ఆట కూడదన్నదాంట్లో భేదం లేదు. వీడియో గేముకూ ఈ కొలతే చాలు.

కుర్రాళ్ళకు మా సలహా. మీరు ఆడే ఆటలో పొట్లం కొనే చోటు ఉందేమో చూసుకోండి. ఉంటే అక్కడ ఆగండి. మీ నాన్న పంపే ప్రతి దీనారూ, ప్రతి రియాలూ ఏ ఎండలో సంపాదించినదో ఒక్కసారి తలచుకోండి. ఆట అంటే నిజంగా ఇష్టమైతే ఆట తయారు చేయడం నేర్చుకోండి. ఉదయగిరిలో మన హస్తకళాకారులు చెక్క ముక్క నుంచి నాణ్యమైన గరిటెలు, చెంచాలు చెక్కి దేశమంతటా పేరు తెచ్చారు. ఆ చేతులకు పుట్టిన పిల్లలు కంప్యూటరు మీద ఏదైనా చెక్కగలరు.

తల్లిదండ్రులకు మా సలహా. ఫోను ఇచ్చి ఊరుకోవడం పెంపకం కాదు. అందులో డబ్బు చెల్లించే మీట ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ఫోనులో కొడుకును 'చదువుతున్నావా నాయనా' అని అడిగినట్లే, 'ఏం ఆడుతున్నావు నాయనా, అందులో ఏం కొంటున్నావు' అని కూడా అడగాలి.

ఇమాములకు, ఉపాధ్యాయులకు మా విన్నపం. జుమా ఖుత్బాకు ముందు చేసే ప్రసంగంలో జూదం అంటే పేకాట, కోడిపందెం మాత్రమే అని చెప్పి ఊరుకోవద్దు. కొత్త తరం జూదానికి కొత్త పేర్లు వచ్చాయి. పేరు మారినంత మాత్రాన హుక్మ్ మారదని, కార్డుల పొట్లం కూడా ఖిమార్ వాకిట్లోదేనని విడమరచి చెప్పాలి. మనం చెప్పకపోతే బెల్జియం అధికారులు చెప్పిన తర్వాత తెలుసుకోవలసి వస్తుంది.

కంపెనీలు చేతులు మారుతుంటాయి. యజమాని పేరు అరబీలో ఉందా, ఇంగ్లీషులో ఉందా అని ప్రళయదినాన ఎవరూ అడగరు. సంపాదన ఎక్కడిది, ఖర్చు ఎక్కడ అని అడుగుతారు. ఆ ప్రశ్న రియాద్‌లోని యువరాజుకూ ఒకటే, కలువాయిలో ఫోను పట్టుకున్న కుర్రాడికీ ఒకటే. ఆ రోజు తడబడకుండా జవాబు చెప్పగల జీవితాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.